పెద్దవాళ్ళ సత్యోపదేశం క్లాసు: 17 మందితో మొదలై 4 మందికి వచ్చింది, ఏం చేయాలి?

ఆటోనగర్ నాన్న (విజయవాడ):

అందరికీ వందనాలు. కొంచెం పొడుగు ప్రశ్న, ఓపిక చేసుకుని చదవండి.

మాది తాతల కాలం నుంచీ కథోలిక కుటుంబం. నాకు 43. ఆటోనగర్‌లో లారీల కమాన్ కట్టల (స్ప్రింగుల) పని. చిన్నప్పుడు సత్యోపదేశం (విశ్వాస పాఠాల) క్లాసుకి వెళ్ళి ప్రశ్నలు జవాబులు బట్టీ పట్టాను, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకున్నాను, విశ్వాసాన్ని స్థిరపరచే భద్రమైన అభ్యంగనం అయ్యాక ఆ పుస్తకం అటక మీదకి పోయింది. అంటే నా విశ్వాసం చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయినట్టే. ఆదివారం పూజ, అక్టోబరులో జపమాల, ఫిబ్రవరిలో గుణదల కొండ మీద మరియమ్మ తిరునాళ్ళు. ఇంతే.

మా పాప ఈ ఏడాది మొదటి సత్ప్రసాదానికి తయారవుతోంది. ఒక ఆదివారం పూజలో, ఫాదర్ గారు అప్పాన్ని పైకెత్తినప్పుడు గంట కొడతారు కదా, అది ఎందుకని నా చెవిలో అడిగింది. దేవుడు వస్తున్నాడని అన్నాను. "గంట కొట్టకపోతే రాడా?" అంది. నా దగ్గర జవాబు లేదు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు కూడా.

ఆ మాట విచారణ గురువులతో (మా గుడి ఫాదర్ గారితో) అంటే ఆయన నవ్వి, ఇది నీ ఒక్కడి సమస్య కాదు, పెద్దవాళ్ళకి ఒక క్లాసు పెడదాం, నువ్వే నడుపు అన్నారు. నేనేం చదివానని? అయినా ఒప్పుకున్నాను. ఆదివారం రెండో పూజ తర్వాత గంటసేపు. ప్రొజెక్టరు అరువు తెచ్చా, రాత్రిళ్ళు కూర్చుని ఏడు దివ్యసంస్కారాల (జ్ఞానస్నానం, సత్ప్రసాదం, పెళ్ళి లాంటివి) మీద నోట్సు రాసుకున్నా. మొదటి వారం 17 మంది వచ్చారు (అందులో ఐదుగురు కోయిర్ పిల్లలు, సమోసాల కోసం). ఆరో వారానికి నలుగురం. నేను, మా ఆవిడ, గుడి ఊడ్చే తాత, చదువు రాని ఒక మామ్మ. తాత నిద్రపోతాడు.

నా బాధ ఏంటంటే, గుణదల తిరునాళ్ళకి మూడు రోజులూ ఇదే జనం ఎగబడతారు, గుండు కొట్టించుకుంటారు, ఎండలో కొండెక్కుతారు. దేవుడి గురించి గంట కూర్చుని తెలుసుకుందాం అంటే మాత్రం ఒక్కడికీ తీరిక లేదు. బద్ధకమా, లేక నేనే ఏదన్నా తప్పు చేస్తున్నానా? మొహమాటం లేకుండా చెప్పండి.

పటమట వదిన:

మొహమాటం లేకుండానే చెప్తున్నా తమ్ముడూ. ఆదివారం రెండో పూజ అయ్యేసరికి పదిన్నర దాటుతుంది. ఆ టైములో మొగుణ్ణి మాంసం కొట్టు దగ్గర లైనులో నిలబెట్టి, అల్లం వెల్లుల్లి నూరుకుంటూ, మధ్యలో అత్తగారికి బీపీ మాత్ర ఇచ్చుకుంటూ ఉండే ఆడవాళ్ళని గంట కూర్చోమంటే ఎలా కూర్చుంటారు? క్లాసు టైము పెట్టేటప్పుడు ఒక్క ఆడమనిషిని అడిగారా? మీ ఆవిడ వస్తోంది అంటే ఆ పూట మీ ఇంట్లో అన్నం ఎన్నింటికో ఆమెను అడగండి.

రెండోది, మీరు నిలబడి చెప్తున్నారు, వాళ్ళు బెంచీల మీద కూర్చుని వింటున్నారు. పొద్దున్నే ఒక ప్రసంగం విన్నవాళ్ళకి వెంటనే ఇంకో ప్రసంగం, అదీ ప్రొజెక్టరుతో.

మా వాడలో మేం చేసేది చెప్తా. గురువారం రాత్రి ఏడున్నరకి, వారానికి ఒకరింట్లో. రాబోయే ఆదివారం పూజలో చదివే సువిశేషం (బైబిల్లో యేసు జీవితం చెప్పే భాగం) ఏదో అదే చదువుతాం, వేరే పాఠం ఏం ఉండదు. పూజలో పఠనాలు ఇష్టం వచ్చినట్టు పెట్టరు కదా, మూడేళ్ళ చక్రం ఉంది, ఒక ఏడాది మత్తయి, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా, యోహానుది ఎక్కువగా ఈస్టరుకి ముందు వచ్చే తపస్సుకాలంలో, ఈస్టరు కాలంలో వస్తుంది. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం నుంచి కొత్త ఏడాది మొదలు. కాబట్టి మూడేళ్ళు వారం వారం కూర్చుంటే నాలుగు సువిశేషాల్లో ముఖ్యమైనవన్నీ చేతికి అందినట్టే. ఎవరూ సిలబస్ తయారు చేయక్కర్లేదు, 1969లోనే తయారు చేసి పెట్టారు.

మూడుసార్లు చదువుతాం, ముగ్గురు వేర్వేరు మనుషులు. ఒకరు మగ, ఒకరు ఆడ, ఒకరు పిల్లో పిల్లాడో. మొదటిసారి విన్నాక ఊరికే ఉంటాం. రెండోసారి విన్నాక ఎవరికి ఏ మాట గుచ్చుకుందో ఆ ఒక్క మాట చెప్తారు, ఎందుకో చెప్పక్కర్లేదు. మూడోసారి తర్వాత మాట్లాడుకుంటాం. ఇదేం మేం కనిపెట్టింది కాదు, మఠాల్లో సన్యాసులు వందల ఏళ్ళుగా ఇలాగే చదివేవాళ్ళట, మాకు ఒక సిస్టర్ గారు నేర్పారు. తేడా ఏంటంటే ఆదివారం పూజలో అదే సువిశేషం చదివినప్పుడు తెలిసినవాళ్ళు పిలిచినట్టు ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. టీ మాత్రమే. టిఫిన్ వద్దు. మాకు ముందు ఒక గుంపు ఉండేది, మొదటింట్లో బిస్కెట్లు పెట్టారు, రెండో ఇంట్లో బజ్జీలు, నాలుగో ఇంట్లో ఉప్మా, స్వీటు. ఐదో ఇల్లు ఇస్త్రీ బండి పెట్టుకునే అమ్మాయిది. ఆ వారం వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పింది, మళ్ళీ రాలేదు. మాకు అర్థమయ్యేసరికి రెండు నెలలు పట్టింది.

ఆటోనగర్ నాన్న:

వదినా, మా ఆవిడకి చూపించాను మీ మొదటి పేరా. "ఇప్పటికి ఒకళ్ళు అడిగారు" అంది. ఆదివారం అన్నం రెండున్నరకట. నాకు తెలియనే తెలియదు.

పాత ఉపదేశి (గుంటూరు జిల్లా):

నాయనా, నేను 38 ఏళ్ళు ఉపదేశిగా (సత్యోపదేశం చెప్పేవాడిగా) చేశాను, సైకిలు మీద కొన్నాళ్ళు, మోపెడ్ మీద కొన్నాళ్ళు. ఇప్పుడు కళ్ళు మసకలు, మనవడు టైపు చేస్తున్నాడు, తప్పులుంటే వాడివి.

ముందు పాప ప్రశ్నకి జవాబు. పూర్వం పూజ లాటిన్‌లో జరిగేది, గురువు పీఠం వైపు తిరిగి ఆ ముఖ్యమైన ప్రార్థన మెల్లగా లోపల లోపల చదివేవారు. వెనక ఉన్న జనానికి భాష తెలియదు, మాట వినపడదు, ఎవరి జపమాల వాళ్ళు చెప్పుకుంటూ ఉండేవాళ్ళు. ఇదిగో ఇప్పుడు చూడండి అని చెప్పటానికి గంట. అంటే గంట మన కోసం, దేవుడి కోసం కాదు. గంట లేకపోయినా ఆయన వస్తాడు, మనమే చూడకుండా పోతాం. కథోలిక బిషపుల రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 దాకా జరిగింది, ఆ తర్వాతే పూజ తెలుగులోకి వచ్చింది. మైకు కూడా వచ్చింది. అయినా మనసు అటూ ఇటూ పోతుంది కాబట్టి గంట ఉంటే మంచిదే. పాపకి ఇలా చెప్పు, అర్థం చేసుకుంటుంది. తొమ్మిదేళ్ళ పిల్లలకి మనం అనుకునేదాని కన్నా ఎక్కువే అర్థమవుతుంది.

ఇక నీ క్లాసు సంగతి. సత్యోపదేశం అంటే పిల్లల పని అని మన విచారణల్లో అందరికీ ఒక నమ్మకం. రెండవ జాన్ పాల్ జగద్గురువులు (పోపు గారు) 1979లో సత్యోపదేశం మీద రాసిన లేఖలో పెద్దవాళ్ళకి చెప్పేదే అన్నిటికన్నా ముఖ్యమైన రూపం అన్నారు. 2021లో ఫ్రాన్సిస్ జగద్గురువులు ఉపదేశి పనిని తిరుసభలో (కథోలిక సంఘంలో) ఒక అధికారిక పరిచర్యగా నిలబెట్టారు. నేను అప్పటికే రిటైరయ్యాను, అయినా ఆ వార్త విని కొత్త చొక్కా వేసుకున్నాను.

నువ్వు కమాన్ కట్టల పనివాడివి, నేనేం చదివానని అంటున్నావు. అపొస్తలుల కార్యాలు 18వ అధ్యాయం చూడు. అపొల్లో అని పెద్ద వక్త, లేఖనాలు బాగా తెలిసినవాడు, కానీ కొంతే తెలుసు. అతనికి మిగతాది చెప్పింది ఎవరు? ప్రిస్కిల్ల, అక్విల. గుడారాలు కుట్టుకునే మొగుడూ పెళ్ళాలు. జనం మధ్యలో లేచి నీకు తెలియదు అనలేదు, పక్కకి పిలిచి చెప్పారు. నువ్వు నేర్చుకోవాల్సింది అది.

గుణదల గురించి నువ్వు అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. కొండెక్కేవాడికి తెలియదని ఎవరన్నారు? సిలువ మార్గం 14 స్థలాలూ వాళ్ళ కాళ్ళకి తెలుసు. గుండు చేయించుకునే తల్లిని, ఎందుకమ్మా అని అడిగి చూడు, నీ ఏడు దివ్యసంస్కారాల నోట్సు కన్నా పెద్ద కథ చెబుతుంది. వాళ్ళ దగ్గర విశ్వాసం ఉంది, దానికి మాటలు లేవు. మనం ఇవ్వాల్సింది ఆ మాటలే. తిరిగి లేచాక ఎమ్మావు ఊరి దారిలో ప్రభువు ఇద్దరు శిష్యుల పక్కన చేరి ముందు ఏం చేశాడు? దేని గురించి మాట్లాడుకుంటున్నారు అని అడిగాడు. తెలిసీ అడిగాడు. వాళ్ళు తమ గోడు మొత్తం వెళ్ళబోసుకున్నాకే మోషే దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాడు. నువ్వు అడగకుండానే మోషేతో మొదలుపెట్టావు.

చదువు రాని మామ్మ ఉంది అన్నావు చూడు, నీ క్లాసుకి ఆమే పెట్టుబడి. జపమాలలో తలుచుకునే దేవరహస్యాలు, అంటే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు, ఆమెకి నోటికి వచ్చు. సంతోష, దుఃఖ, మహిమ, ఐదేసి చొప్పున 15, 2002లో కలిపిన వెలుగు దేవరహస్యాలు ఐదు, మొత్తం 20. గబ్రియేలు దూత దగ్గర్నుంచి మరియమ్మ పరలోక కిరీటం దాకా. అదంతా కథే కదా. వారానికి ఒక రహస్యం తీసుకో, ముందు మామ్మని చెప్పమను, తర్వాత బైబిలు తెరిచి చదువు. బైబిలు ముందు తెరిస్తే చదువు రానివాళ్ళు గోడ వైపు చూస్తారు.

కొత్తగా వచ్చినదాన్ని:

ఉపదేశి తాతగారు చెప్పింది చదివి ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు.

నేను పెళ్ళయ్యాక జ్ఞానస్నానం తీసుకున్నాను, మాది హిందూ కుటుంబం. పెద్దవాళ్ళకి జ్ఞానస్నానం అంటే ఒక్కరోజులో అయిపోదు, విచారించటం, వినటం, అంగీకరించటం, మెట్లు మెట్లుగా నెలల తరబడి నడిపించి ఈస్టరు ముందు రాత్రి పాస్క జాగరణలో ఇస్తారు, 1972లో తెచ్చిన క్రమం అది. నాకు ఫాదర్ గారు, ఒక టీచర్ అమ్మ వారం వారం కూర్చుని చెప్పారు. తీరా తీసుకున్నాక చూస్తే నాకు తెలిసినవి పుట్టు క్రైస్తవులైన మా ఆడపడుచులకి తెలియవు. వాళ్ళకి తెలిసినవి, అంటే ఎక్కడ మోకరించాలి, ఏ పాటకి చప్పట్లు కొట్టాలి, చావు ఇంట్లో ఏ ప్రార్థన మొదలుపెట్టాలి, అవి నాకు తెలియవు. మా గుంపులో నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు అడగమన్నారు. నేను అడిగితే ఎవరికీ సిగ్గు ఉండదు, కొత్తది కాబట్టి అడుగుతోంది అనుకుంటారు. నిజానికి అందరూ అడగాలనుకున్నవే. మీ దగ్గర కూడా పెళ్ళితో వచ్చిన కోడలో అల్లుడో ఉంటారు, పిలవండి అన్నయ్యా.

బ్రాడీపేట లూథరన్ (గుంటూరు):

మేం కథోలికులం కాదు, అయినా ఒక మాట. ఇదే కష్టం మార్టిన్ లూథర్ కూడా పడ్డాడు. 1528లో ఊళ్ళల్లో సంఘాలు చూడటానికి వెళితే జనానికి ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు కూడా సరిగ్గా రావు, కొందరు పాస్టర్లకే రావు. వచ్చి 1529లో చిన్న కాటికిజం (ప్రశ్నలు జవాబుల పుస్తకం) రాశాడు. ప్రతి భాగం పైనా ఇది ఇంటి యజమాని ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలో అన్నట్టు రాసి ఉంటుంది. అంటే బడి గుళ్ళో కాదు, అన్నాల దగ్గర. ఆటోనగర్ అన్నగారు పాపకి జవాబు చెప్పాలని మొదలుపెట్టారు కదా, దారి అక్కడే ఉంది, ప్రొజెక్టరు దగ్గర కాదు.

మా గుంటూరుకి లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు 1842లో వచ్చారు. ఆ తర్వాత మిషన్లో బైబిలు స్త్రీలు అని ఉండేవారు, ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళ పక్కన కూర్చుని చదివి వినిపించేవాళ్ళు. మా నాయనమ్మ అక్షరాలు అలాగే నేర్చుకుంది. ఎవరూ క్లాసుకి రాలేదు, క్లాసే ఇంటికి వచ్చింది.

ఒకటి మాత్రం ముందే సర్దుకోండి. మీ బైబిల్లో 73 గ్రంథాలు, మాదాంట్లో 66. గుంపులో ఇంటికో బైబిలు తెస్తే తోబీతు ఎక్కడుంది, మక్కబీయులు ఎక్కడుంది అని అరగంట వెతుకులాటలో పోతుంది. మా వియ్యంకులింట్లో జరిగింది.

సింగ్‌నగర్ కుర్రాడు:

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, జనం ఎందుకు రారో నేను చెప్తా. మేం అడగాలనుకున్న ప్రశ్నలు మీ నోట్సులో ఉండవు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. మేం పైన డాబా మీద, కింద నడుం పైదాకా నీళ్ళు. నీళ్ళు తగ్గాక దిగితే ఫ్రిజ్ పడిపోయి ఉంది, బీరువా తలుపు ఉబ్బి తెరుచుకోలేదు, అంతా బురద, ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. అమ్మ బైబిలు దొరికింది, కాగితాలన్నీ కలిసిపోయి ఇటుకలా అయింది. తర్వాత ఒకాయన వచ్చి ఇది దేవుడు పెట్టిన పరీక్ష అన్నాడు. ఇంకొకాయన పాపాల వల్ల అన్నాడు. అమ్మ ఏం అనలేదు, బకెట్టుతో బురద ఎత్తుతూనే ఉంది. నేను గుడికి వెళ్ళటం మానేశా.

మళ్ళీ ఎలా వెళ్ళానంటే, ఒక బ్రదర్ గారు సాయం సామాన్లు పంచటానికి వచ్చి, మాతో పాటు రెండు పూటలు బురద తోడి, వెళ్ళేటప్పుడు యోబు గ్రంథం రెండో అధ్యాయం చివర చదువు, తర్వాత కావాలంటే ఫోన్ చెయ్యి అన్నారు. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు ముగ్గురు వచ్చి అతని పక్కన నేల మీద ఏడు రోజులు కూర్చున్నారట, ఒక్క మాట మాట్లాడకుండా. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే మొత్తం చెడగొట్టారు. ఆఖర్న దేవుడు కోప్పడింది కూడా వాళ్ళ మీదే, నా గురించి యోబు మాట్లాడినట్టు మీరు సరిగ్గా మాట్లాడలేదని. దేవుణ్ణి నిలదీసినవాడిది సరైన మాట, దేవుడి తరఫున సర్ది చెప్పినవాళ్ళది తప్పుడు మాట! ఇది నాకు 24 ఏళ్ళు ఎవరూ చెప్పలేదు. సత్యోపదేశం క్లాసులో యోబు అంటే సహనం అని ఒక్క మాటలో జవాబు రాయించారు, అంతే.

కాబట్టి అన్నా, ఏడు దివ్యసంస్కారాలు తర్వాత చూద్దాం. ముందు వచ్చినవాళ్ళకి తలో చీటీ ఇవ్వండి, పేరు రాయకుండా దేవుణ్ణి ఏం అడగాలనుందో రాయమనండి. రాయలేనివాళ్ళకి వేరేవాళ్ళు రాసిపెడతారు.

పటమట వదిన:

బాబూ, అమ్మగారు ఎలా ఉన్నారు ఇప్పుడు? చీటీల మాట బాగుంది. కాకపోతే ఎవరి చేతిరాత ఎవరిదో మా గుంపులో అందరికీ తెలుసు, కాబట్టి డబ్బాలో వేసి ఫాదర్ గారికే ఇవ్వటం మేలు.

సింగ్‌నగర్ కుర్రాడు:

బాగున్నారు ఆంటీ. కొత్త బైబిలు కొనిచ్చా, పాతది పారేయనివ్వలేదు, అటక మీద ఉంది.

ఆటోనగర్ నాన్న (మూడు వారాల తర్వాత):

అందరికీ చాలా థాంక్స్. ఆదివారం క్లాసు ఆపేశాను, ప్రొజెక్టరు ఇచ్చేశాను. ఇప్పుడు మంగళవారం రాత్రి, మా మేడ మీద. వదిన చెప్పినట్టు టీ మాత్రమే. మా ఆవిడ టైము పెట్టింది, ఎనిమిదికి మొదలై తొమ్మిదికి ముందే అయిపోవాలని.

మొదటి మంగళవారం ఉపదేశి గారి మాట ప్రకారం రెండో సంతోష రహస్యం తీసుకున్నాం, మరియమ్మ ఎలిజబేతమ్మని చూడటానికి వెళ్ళటం. మామ్మని చెప్పమన్నాను. ముందు నాకేం తెలుసయ్యా అంది. తర్వాత మొదలుపెట్టింది. "ఆ ముసలామె లేక లేక కడుపుతో ఉంది. సిగ్గు. ఐదు నెలలు బయటికి రాలేదు. ఈ పిల్లకి పెళ్ళి కాకుండానే కడుపు, దీనికీ భయమే. ఎవరికి చెప్పుకోవాలి? తనలాంటిది ఇంకొకతె ఉందని దూత చెప్పాడు కదా, అందుకని కొండలెక్కి పోయింది. మూడు నెలలుంది. ఊరికే ఉంటదా, అంట్లు తోమి ఉంటది, నీళ్ళు మోసి ఉంటది." ఇంత చెప్పి ఆగింది. మేం బైబిలు తెరిచి లూకా మొదటి అధ్యాయం చదివాం, ఐదు నెలలు మరుగున ఉండటం, మూడు నెలలు ఉండటం, అన్నీ ఉన్నాయి. అంట్లు మాత్రం లేవు.

తాత నిద్రపోలేదు. మా పక్కింటి అమ్మాయికి పెళ్ళయి ఎనిమిదేళ్ళు, పిల్లల్లేరు, ఆమె రెండో వారం కూడా వచ్చింది. మొత్తం తొమ్మిది మందిమి. 17 కాదు గానీ కోయిర్ పిల్లలు లేరు కాబట్టి నిజమైన లెక్క.

పాపకి గంట సంగతి చెప్పాను. అయితే ఫోన్ రింగ్ లాంటిదన్నమాట అంది. సరే అనుకున్నా.

చీటీల డబ్బా పెట్టాను, ఫాదర్ గారు చదివి రెండు రోజులు ఏం మాట్లాడలేదు. తర్వాత నన్ను పిలిచి యోబుతో మొదలుపెట్టు అన్నారు. 42 అధ్యాయాలు చూసి భయమేస్తోంది. తమ్ముడూ, నువ్వెలా చదివావు?

సింగ్‌నగర్ కుర్రాడు:

వరసగా చదవకండి అన్నా, మధ్యలో అందరూ జారిపోతారు. మొదటి రెండు అధ్యాయాలు కథ, ఒక వారంలో అయిపోతుంది. మూడోది యోబు పుట్టిన రోజునే శపించేది, దానికి ఒక వారం పూర్తిగా ఉంచండి, తొందరపెట్టకండి. తర్వాత స్నేహితుల ఉపన్యాసాల్లో నాలుగైదు చాలు, మీ గుంపులో ఎవరో ఒకరు అవే మాటలు ఎప్పుడో అని ఉంటారు, వాళ్ళే గుర్తుపడతారు. అక్కణ్ణుంచి 38కి వెళ్ళండి, దేవుడు మాట్లాడేది. చివర్న 42. మూడో అధ్యాయం చదివే రోజు నేనూ వస్తా, మంగళవారం షిఫ్ట్ మార్చుకోవాలి, ముందు చెప్పండి.

ఆటోనగర్ నాన్న:

ఈ మంగళవారం కాదు, పైది. అమ్మగారిని కూడా తీసుకురా. మేడ మెట్లు కొంచెం ఎత్తు, కింద కూర్చుందాంలే.